శుభ్రం ఎక్కువైన చాకు

పూజ బల్ల మీది నుంచి మడత చాకు తీయాలి. పిడి స్క్రూలు విప్పాలి. లోపలి చిప్ తీసి, దాని చోట డమ్మీ పెట్టాలి. సందుల్లో చేరిన పసుపు తుడవాలి, లేకపోతే పిడి సరిగ్గా కూర్చోదు. మళ్లీ బిగించాలి. కుంకుమబొట్టు ఎక్కడుండెనో అక్కడే పెట్టాలి. చాకును దాని జాగాలో ఉంచాలి. ఇదంతా పులిహోర పంచడం అయ్యేలోపు.

శ్రావణ్‌కుమార్ ఈ వరుసను మనసులో మరోసారి చదువుకున్నాడు. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో అతను ఏజెంట్. పటాన్‌చెరులోని ఈ ఫ్యాక్టరీలో మాత్రం మెయింటెనెన్స్ ఫిట్టర్. ఒంటి మీద గ్రీజు మరకల యూనిఫాం, చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్, జేబులో స్క్రూడ్రైవర్‌గా మారే బాల్‌పెన్ను.

ఆ ఫ్యాక్టరీ క్షిపణులకు సెన్సర్లు చేస్తుంది. వాటి డిజైన్‌ను డిజైన్ హెడ్ విఘ్నేశ్వర్ ఒక విదేశీ ముఠాకు బేరం పెట్టాడు. గేటు దగ్గర ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు గుంజుకుంటారు గనుక డిజైన్ ఉన్న చిప్‌ను తన మడత చాకు పిడిలో దాచి, దసరా ఆయుధపూజ కోసం కాచుకున్నాడు. పూజలో పెట్టి బొట్టు పడ్డ పనిముట్టును ఏ గార్డూ విప్పి చూడడు, దండం పెట్టి పంపిస్తాడు. దేశాన్ని అమ్మడానికి అమ్మవారిని అడ్డం పెట్టుకున్నాడు. పైగా నిష్ఠగా ఉపవాసం కూడా ఉన్నాడు. మామూలు దొంగ అంటే శ్రావణ్‌కు కోపం. ఉపవాసం ఉన్న దొంగ అంటే అసహ్యం.

చీఫ్ రాజేశం బ్రీఫింగ్‌లో తేల్చి చెప్పాడు. విఘ్నేశ్వర్‌ను గేటులోనే పట్టుకోవచ్చు, కాని కొనేవాడు జారిపోతాడు. చాకు వాడి దాకా పోవాలి, చిప్ పోకూడదు. ఎక్కడ అనుమానం వచ్చినా ముందు పోయేది మహిత ప్రాణం.

మహిత మన మనిషి. ముఠా తరఫు మధ్యవర్తిగా వాళ్లలో కలిసిపోయిన డబుల్ ఏజెంట్. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, నడిస్తే షాప్ ఫ్లోర్ అంతా తలతిప్పి చూసే నడక. బయ్యర్ల మేడమ్ అని విఘ్నేశ్వర్ అందరికీ గొప్పగా పరిచయం చేశాడు.

హారతి అయింది. మహిత కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుంది. అదే సిగ్నల్. బంతిపూలు కట్టిన కొత్త మెషీన్ దగ్గర ఫొటో దిగుదామని ఆమె అనగానే విఘ్నేశ్వర్ జుట్టు దువ్వుకుంటూ వెంట నడిచాడు.

శ్రావణ్ లేత్ మెషీన్ చాటున కూర్చొని చాకు విప్పాడు. పైకి తళతళ, లోపల కంపు. ఎండిన సీతాఫలం గుజ్జు, జేబులోని దుమ్ము, దాని మీద తడి పసుపు. మనిషి ఎట్లాంటివాడో చాకూ అట్లాంటిదే అనుకున్నాడు. పిడి కింద టేపు చుట్టిన చిప్ దొరికింది. తీసి డమ్మీ పెట్టాడు. వేస్ట్ గుడ్డతో బ్లేడు మొదలు తుడిచాడు, తర్వాత లాక్. అగ్గిపుల్లతో సందులు గీకాడు. వాషరు, బ్లేడు, మళ్లీ వాషరు. ఇరుసులో ఒక చుక్క నూనె. బిగించి, బొట్టు పెట్టి, బల్ల మీద ఉంచి వచ్చాడు.

"కాయ కొట్టిన," అన్నాడు మెల్లగా. పని అయిందని కోడ్.

అప్పుడు గుర్తొచ్చింది. క్యాంటీన్‌లో జామకాయ కోసేటప్పుడు విఘ్నేశ్వర్ ఆ చాకును గోరుతో పీకి, రెండు చేతులతో తెరిచేవాడు. ట్రైనింగ్‌లో ఆయుధానికి మురికుంటే అన్నం పెట్టేవాళ్లు కాదు. ఆ భయానికి చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి.

"సార్, చాకు జెర ఎక్కువ సాఫ్ చేసిన."

"ఎంత?"

"కొత్తదాని లెక్క."

ఇయర్‌పీస్‌లో రాజేశం నిట్టూర్పు వినబడింది. "డిగ్రీ చేసినవ్ కదరా. మురికి మురికిలెక్కనే ఉంచాలన్న సోయి లేదా?"

విఘ్నేశ్వర్ వచ్చాడు. చాకును కళ్లకద్దుకొని బొటనవేలితో అలా తాకాడు. బ్లేడు టక్కున బయటికొచ్చింది. అతను బిగుసుకుపోయాడు. మూసి, మళ్లీ తెరిచాడు. పక్కనే మహిత ముఖంలో రక్తం దిగిపోవడం శ్రావణ్ చూశాడు.

"సూసిన్రా?" అన్నాడు విఘ్నేశ్వర్, చాకును పైకెత్తి. "నిన్నటిదాక మొండికేసిన చాకు. అమ్మోరు చెయ్యి పెట్టింది."

"మీ భక్తి అసుంటిది సార్," అంది మహిత, రెప్ప వేయకుండా.

వాడు దాన్ని అందరికీ తెరిచి చూపించాడు. పూజారి కాళ్లకు మొక్కాడు. గార్డు గేటు తీశాడు. డ్రైవర్ పండక్కి పోయాడని, కారు తీయరా, ప్రసాదం డబ్బా పట్టుకోరా అని ఫిట్టర్ శ్రావణ్‌నే పురమాయించాడు. మహిత కూడా కారెక్కింది.

వెలిమెలలో కొత్త విల్లా. కొనేవాడు తెల్లజుట్టు విదేశీయుడు. చాకు తెరిచాడు. మూశాడు. ఇరుసు వాసన చూశాడు. దీన్ని ఎవరు శుభ్రం చేశారని ఇంగ్లీషులో అడిగాడు. దేవత చేసిందని విఘ్నేశ్వర్ గర్వంగా జవాబిచ్చాడు.

ఆ మనిషి దేవతలు మెషీన్ ఆయిల్ వాడగా చూసి ఉండడు. పూజ దగ్గర తన తరఫున ఉన్నది ఒక్క మహితే. పిస్టల్ తీసి ఆమె నుదుటికి గురిపెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగా శ్రావణ్ చేతిలోని ప్రసాదం స్టీలు డబ్బా విసిరాడు. తూటా సీలింగ్‌కు తగిలింది, పులిహోర విఘ్నేశ్వర్ నెత్తిన పడింది. కారు వెనకే వచ్చిన కమాండోలు కిటికీల్లోంచి దిగారు. ఉపవాస దీక్షాపరుడు సోఫా కింద దూరి, నాకేం తెల్వదు, అంతా ఆమెనే చేయించింది అని ఏడ్చాడు.

ముఠా పైతలకాయలు ఇంకా బయటే ఉన్నాయి. మహిత మళ్లీ వాళ్ల నమ్మకం సంపాదించాలంటే జైలుకు పోవాల్సిందే. శ్రావణే ఆమెకు బేడీలు వేశాడు. అందరికీ వినబడేటట్టు అతన్ని బూతులు తిట్టింది. తర్వాత వంగి, చెవిలో చెప్పింది.

"బగ్గ తుడిచినవ్ తమ్మీ. ఇంకోసారి జెర బద్ధకంగ ఉండు."

మర్నాడు పేపర్లన్నింట్లో దేశద్రోహి అని ఆమె ఫొటో వేశారు, నల్ల కళ్లద్దాలతో. హత్నూరలో ఆమె తల్లి పుష్పమ్మతో ఇరుగుపొరుగు మాట మానేశారు. చెప్పుకోవడానికి ఆ తల్లికి కూడా ఏమీ తెలియదు.

ఆ ఫొటో మీకు కనబడితే అందరిలాగే మీరూ తిట్టండి, ఆమె పనికి అది అవసరం. తిట్టిన తర్వాత మాత్రం, మనసులో అయినా సరే, మహితను గుర్తుపెట్టుకోండి.