నమూనా అడ్రసులో నాలుగో వరుస

గిరీష్ జ్యోతిని ప్రేమిస్తున్నాడు. ఆ సంగతి జ్యోతికి తెలియదు. అంతకంటే ఘోరం, తామిద్దరూ ఇంటర్నెట్‌లో బద్ధశత్రువులన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

హైటెక్ సిటీలో ఒకే ఫ్లోర్‌లో పనిచేసే ఈ ఇద్దరికీ ఒకటే పిచ్చి. కవర్ల మీద అడ్రసులు ప్రింట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దాన్నెలా వాడాలో చెప్పే పేజీల్లో చిన్న చిన్న తప్పులు దిద్దడం వీళ్ళ సరదా. ఇద్దరివీ మారుపేర్లే. ఆమె గోలీసోడా, అతను పెద్దమనిషి. ఒకరు దిద్దింది ఇంకొకరు ఓకే కొడితేనే పేజీలోకి ఎక్కుతుంది. అది అక్కడి పద్ధతి.

గొడవంతా నమూనా అడ్రసు దగ్గర వచ్చింది. నాలుగో వరుసలో ఆంధ్రప్రదేశ్ అని ఉంటే గోలీసోడా తెలంగాణ అని మార్చింది. ‘ఇంకా ఏర్పడలేదు, ఉన్నదే రాయాలి’ అని పెద్దమనిషి కొట్టేశాడు. ఆమె మళ్ళీ మార్చింది. అతను మళ్ళీ కొట్టేశాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ని పుట్టించిన నార్వే లార్స్ పాపం మధ్యలో వచ్చి, గొడవెందుకు, మా ఊరి అడ్రసు పెట్టేద్దామా అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం ఇద్దరూ ఏకమై అతన్ని దులిపేశారు.

ఒక ఉదయం క్యాంటీన్‌లో జ్యోతి లాప్‌టాప్ మీద గోలీసోడా పేరు కనబడింది. గిరీష్ ఉప్మా ప్లేటు పక్కకి నెట్టేశాడు. చెబితే ఆమె ఇక తన మొహం చూడదు. చెప్పకపోతే రోజూ పక్కన కూర్చుని టీ తాగే మోసగాడు తనే. ఆ దిగులుతోనే వారం గడిపాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, పైగా వాన.

“నల్లగండ్ల దాంక దింపుతవా?” అని సాయంత్రం జ్యోతే అడిగింది.

బండి మీద వెనక నుంచి ఆమె మాటలు ఆగలేదు. “ఇంటర్నెట్ల ఒకడున్నడు గిరీష్. పెద్దమనిషంట. జర దొరకాలె.”

“దొరికితే?”

“ముందు చెంప పగలగొడ్త. తర్వాత మాట్లాడ్త.”

హెల్మెట్ ఉన్నందుకు గిరీష్ దేవుడికి దండం పెట్టుకున్నాడు.

శేరిలింగంపల్లి దగ్గర సమ్మెవాళ్ళు రోడ్డుకి అడ్డంగా టార్పాలిన్ కట్టి, డప్పు వాయిస్తూ వంటావార్పు పెట్టారు. అక్కడ వండుతున్న లక్ష్మమ్మ అనే పెద్దావిడ గరిటెతోనే బండికి ఎదురొచ్చింది.

“ఏడికి పోతరు బిడ్డా. తిన్నంకనే తొవ్వ.”

పళ్ళెంలో కిచిడీ పొగలు కక్కుతోంది. తెలంగాణ కిచిడీ తింటూ అబద్ధం దాచుకోవడం గిరీష్ వల్ల కాలేదు.

“జ్యోతీ, ఆ పెద్దమనిషిని నేనే.”

జ్యోతి పళ్ళెం కింద పెట్టింది. “అవ్వా, నేను తెలంగాణ అని రాస్తే మల్ల మల్ల కొట్టేసేది వీడే.”

టార్పాలిన్ కింద డప్పు ఆగిపోయింది. అందరూ గిరీష్ వైపు తిరిగారు.

“ఎందుకు కొట్టేసినవ్ బిడ్డా?” అంది లక్ష్మమ్మ.

“ఇంగా రాలేదు కదవ్వా. లేనిది రాయకూడదనుకుంటి.”

“వస్తే రాస్తవా?”

“నా చేత్తోనే రాస్తా.”

“గట్లయితే తిను” అని ఇంకో గరిటె వేసింది. డప్పు మళ్ళీ మొదలైంది.

జ్యోతి మాత్రం కరగలేదు. “నేనే అని తెలిసినంక గూడ కొట్టేసినవా?”

“మొన్నటిది కొట్టేస్తి. ముందు చెయ్యి ఓకే మీదికే పోయింది.”

“మల్లెందుకు కొట్టేసినవ్?”

“నువ్వంటే ఇష్టం. ఆ ఇష్టంతో ఓకే చేస్తే అది లంచం అయితాది కదా.”

జ్యోతి అతన్ని వింత జంతువుని చూసినట్టు చూసింది. చెంప పగలగొట్టలేదు. “లంచం ఇయ్యనోడు మల్ల దొరకడు” అంది. బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి, డేటాకార్డు గుచ్చి, వాన చినుకులు పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని టకటకా కొట్టింది. గిరీష్ ఫోన్ మోగింది. పెద్దమనిషికి గోలీసోడా నుంచి కొత్త దిద్దుబాటు:

శ్రీమతి జ్యోతి, శ్రీ గిరీష్
మూడో అంతస్తు
నల్లగండ్ల
తెలంగాణ

అతను రెండుసార్లు చదివాడు. గుండె డప్పుతో పోటీ పడింది.

“జ్యోతీ, ఇందులో మొదటి వరుస కూడా ఇంగా ఏర్పడలేదు.”

“రెండూ ఐతయ్. ఓకే కొట్టు.”

ఉన్నదే రాయాలని ఇన్నాళ్ళూ పట్టుబట్టిన పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని ఓకే కొట్టాడు.

కాసేపటికి నార్వే నుంచి లార్స్ భయంభయంగా అడిగాడు, ఈ అడ్రసులో నిజంగా ఎవరైనా ఉంటారా అని.

‘కిరాయికి ఇల్లు చూస్తున్నం’ అని జవాబు రాసి, జ్యోతి తన పళ్ళెం చేతికి తీసుకుంది.