సుజనీ కింద సెగ

వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి లోపలికి వచ్చేసరికి ముహయ్యో కంప్యూటర్ మళ్ళీ ఆరిపోయి ఉంది.

తెల్లవారకముందే లేచి దానికి పని అప్పగించి, అదెలాగూ చేసుకుపోతుందన్న ధైర్యంతో చీపురు పట్టుకుంది. మర్గిలాన్‌లో కోడలన్నాక సూర్యుడికన్నా ముందు వీధి గుమ్మంలో కనపడాలి. కనపడకపోతే సూర్యుడు ఊరుకుంటాడేమో గాని వీధి ఊరుకోదు. అందులోనూ ఇవి నడివేసవి చిల్లా రోజులు. పొద్దెక్కితే నేల నిప్పుల కుంపటి.

గదిలో ఎప్పటిలాగే ఇసిరిక్ పొగ వాసన. దిష్టి పోవడానికని అత్తగారు కరామత్ రోజూ ఆ ఎండు కొమ్మలు పెనంలో కాల్చి ఇల్లంతా తిప్పుతుంది. ఆ వాసన గోడలకే పట్టేసింది కాబట్టి ఎవరికీ ముక్కున తగలదు. గోడలో పరుపులు దొంతిగా పేర్చే గూట్లో, పరుపుల పక్కనే కంప్యూటర్ డబ్బా. దాని మీద అత్తగారు తన చేత్తో కుట్టిన ఎర్ర దానిమ్మపువ్వుల సుజనీ, పెళ్ళికూతురికి కప్పినట్టు నిండుగా కప్పి ఉంది. పడుకునేముందు ముహయ్యో దాన్ని తీసి మడతపెట్టింది. తెల్లారేసరికి అది మళ్ళీ ఎక్కి కూర్చుంది.

ఆమె గుడ్డ లాగి డబ్బా మీద చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది. రొట్టె కాల్చుకోవచ్చు.

"ఇవాళ కూడానా?" అన్నాడు వెనకనుంచి ఆమె భర్త ఇల్హోమ్. బడిలో లెక్కలు చెబుతాడు, సెలవులు కావడంతో ఇంట్లోనే ఉన్నాడు.

"ఇవాళ కూడానే. మీరు తెచ్చిన కొత్త ఫ్యానేమైంది?"

"దాని సంగతి అడక్కు. పాతది పీకి ఇది పెడితే, నా ఫ్యాన్ ఏదీ అని తెర మీద రాసి అలిగి కూర్చుంది. అసలు మొదలే కానంది."

"మరి కరెంటు డబ్బా?"

"దాని ప్లగ్గు వేరు, దీని మూతి వేరు. బొమ్మలు త్వరగా తేలడానికని పెద్ద కార్డు తెచ్చానా, అది పెడితే మూత పడదు. లోపలి మూత మరలు కూడా నక్షత్రం ఆకారంలో చేశారు మహానుభావులు! ఊళ్ళో ఉన్న సామానంతా ఒకెత్తు, ఈ కంపెనీ వాడి సామాను ఒకెత్తు. తన వాళ్ళు తప్ప ఎవరూ పనికిరారు దీనికి."

ఫెర్గానాలో ఏదో ఆఫీసు మూసేస్తుంటే తెచ్చిన పాత యంత్రం అది. చూడ్డానికి ముద్దుగా, చిన్నగా, ముచ్చటగా ఉందని మురిసిపోయి కొన్నారు. మూత తీస్తే గాని తెలియలేదు, ఎంత ముచ్చటో అంత మొండిదని.

రేపు సాయంత్రానికి బొమ్మ ఇవ్వాలి. తాష్కెంటులో కట్టే కొత్త హోటల్ హాలుకి మర్గిలాన్ పట్టు తెరలు వేలాడితే ఎలా ఉంటుందో, ఎండ పడినప్పుడు రంగులు ఎలా మెరుస్తాయో చూపించే ఒకే ఒక పెద్ద బొమ్మ. అది నచ్చితే నేత కార్ఖానా నడిపే నఫోసత్ ఆపా ఇకముందు బొమ్మలు గీసే పనంతా ముహయ్యోకే ఇస్తానంది. ఇవ్వలేకపోతే తాష్కెంటు వాళ్ళకే పోతుంది. ఇంట్లోనూ అత్తగారు మొదట్లోనే తేల్చి చెప్పింది. "వీధి నోరు మూయించాలంటే ఒక్క పనైనా నిలబడాలి. నిలబడితే సరే, లేకపోతే ఆ డబ్బా తీసేసి కుదురుగా ఇల్లు చూసుకో." ఆ మాట ముహయ్యో గుండెలో ముల్లులా ఉండిపోయింది.

చన్నీళ్ళ గుడ్డతో గూడు తుడిచి, కిటికీ బార్లా తెరిచి, ఆమె మళ్ళీ పని మొదలుపెట్టింది. డబ్బా గుర్రుమంటూ లేచింది. మధ్యాహ్నం దాటేసరికి బొమ్మ ముప్పాతిక వంతు తేలింది. ఊపిరి బిగబట్టి చూస్తోంది ముహయ్యో.

సరిగ్గా అప్పుడే వచ్చారు చుట్టుపక్కల ఆడవాళ్ళు, పక్కింటి సోబిరా ముందు నడుస్తుండగా. సోబిరా చూపు గురించి వీధంతా భయమే. ఆవిడ ఏ చెట్టు కాయలు బాగున్నాయంటే ఆ చెట్టు మర్నాటికి ఆకు రాలుస్తుందని ప్రతీతి. పాపం, ఆవిడకీ ఆ సంగతి తెలుసు. అందుకే పొగడ్త ఒకటి విసిరి అందరి మొహాలూ చూస్తుంది.

"ఏంటి వదినా, గూట్లో విమానం దింపారా?" అంది తివాచీ మీద చతికిలబడుతూ. "ఓహో, ఇదేనా! మీ కోడలు ఇంట్లో కూర్చునే తాష్కెంటు వాళ్ళకి పని చేస్తోందట కదా. ఆ చేతుల్లో బంగారం ఉందమ్మా! ఈ వీధిలో ఇలాంటి పిల్ల ఇంకోతి లేదు!"

కరామత్ మొహంలో రంగు మారింది. లేచి, గూటి దగ్గరకెళ్ళి, సుజనీని రెండు చేతులా దులిపి యంత్రం నెత్తిమీద నుంచి కాళ్ళ దాకా కప్పేసింది.

టీ తేవడానికి వెళ్ళిన ముహయ్యో కూజాతో గుమ్మంలో అడుగు పెట్టేసరికి గూట్లో టక్కుమంది. గురక ఆగిపోయింది. తెర నల్లబడింది.

"తీసేయండి ఆ గుడ్డ!" అని అరిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అమ్మాయీ, వాళ్ళు వెళ్ళాక..."

"వాళ్ళు వెళ్ళాక ఏముంటుంది? చచ్చిందది! ఎన్నిసార్లు చెప్పాను మీకు, దానికి గాలి కావాలి అని! తీసి మడతపెడితే కప్పుతారు, మళ్ళీ తీస్తే మళ్ళీ కప్పుతారు. ఊపిరాడక చచ్చిపోవాలనే కదా? అది పోతే నా పని పోతుంది. అదే కదా మీకు కావలసింది!"

"ముహయ్యో!" అన్నాడు వరండాలోంచి ఇల్హోమ్.

ఆమె ఆగలేదు. "ఈ డబ్బాకీ ఈ ఇంటికీ ఏం తేడా లేదు. తన సొంత సామాను తప్ప బయటిది ఏదీ ఇమడదు ఇందులో. నేనూ ఇమడలేదు!"

వచ్చినవాళ్ళు ఖాళీ పింగాణీ టీ గిన్నెలు చప్పుడు కాకుండా కింద పెట్టారు. సోబిరా అయితే చూపెక్కడ పెట్టాలో తెలియక పరుపుల దొంతి వైపు చూస్తూ కూర్చుంది. అత్తకి ఎదురు మాట్లాడిన కోడళ్ళు ఆ ఊళ్ళో లేరని కాదు. వచ్చినవాళ్ళ ముందు మాట్లాడినవాళ్ళు లేరు.

కరామత్ నెమ్మదిగా తన చోటికి వచ్చి కూర్చుంది. "టీ చల్లారిపోతోంది, కోడలు పిల్లా. అందరికీ పొయ్యి," అంది. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. ముహయ్యో టీ పోసింది. వాళ్ళు తాగీ తాగకుండానే చేతులు మొహాల మీదుగా తిప్పుకుని దీవెన చెప్పి లేచి వెళ్ళిపోయారు.

తర్వాత కరామత్ పెరట్లో ద్రాక్ష పందిరి కింద చెక్కమంచె మీద కూర్చుండిపోయింది, తిండికి పిలిచినా రాలేదు. అటు తల్లి, ఇటు భార్య. ఇల్హోమ్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క.

"పదిమందిలో అమ్మని అంత మాట అంటావా?"

"పదిమందిలో నా పని ఆపొచ్చా ఆవిడ?"

"అమ్మకి తెలీదు అది అలా ఆగుతుందని."

"తెలియకపోవడానికి ఎన్నిసార్లు చెప్పాను! రేపు నఫోసత్ ఆపాకి నేనేం మొహం చూపించను?" అంటూ మోకాళ్ళలో తల పెట్టుకుంది.

ఇల్హోమ్ సందు చివర ఫోన్లు బాగుచేసే కొట్టుకి వెళ్ళి, నక్షత్రం మరలకు సరిపడే స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చాడు. పొద్దు వాలేవేళ ఇద్దరూ డబ్బాని కిటికీ దగ్గరకు చేర్చి, ఇన్నాళ్ళూ ఊడని లోపలి నల్ల మూతని ఊడదీశారు.

దాని కింద ఉన్న వేడిని బయటికి పంపే అల్యూమినియం రేకులు రేకుల్లా లేవు. దుమ్ము, దూది, జిగురు కలిసి బంకలా అట్టకట్టి, ఒక్క సందు లేకుండా మూసుకుపోయాయి. ఆ మూత చాటున ఉన్న రెండో ఫ్యాన్ రెక్కలకూ అదే గోధుమరంగు జిడ్డు.

"దుమ్మైతే ఇలా అంటుకోదే," అన్నాడు ఇల్హోమ్.

ముహయ్యో వేలితో కాస్త గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది. గాఢంగా, చేదుగా, తెలిసిన వాసన. ఇన్నాళ్ళూ ముక్కున తగలని ఆ ఇంటి వాసన, ఇప్పుడు వేలికొనన ఉంది.

"ఇసిరిక్," అంది నమ్మలేనట్టు.

"రోజూ నువ్వు వాకిలి ఊడుస్తుంటే అమ్మ పొగ తిప్పుతుంది కదా. దీని దగ్గర కాసేపు ఎక్కువ నిలబడుతుంది. నేను చూశాను గాని ఏమీ అనుకోలేదు."

ముహయ్యో ఆ మసి వేలితోనే పెరట్లోకి వెళ్ళింది. మంచె కింద కాలవ నీళ్ళు చప్పుడు చేస్తూ పోతున్నాయి. కరామత్ తలెత్తలేదు.

"దానికి పొగ వేశారా, అమ్మా?"

"వేశాను. రోజూ వేశాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. వీధంతా నీ మెషీన్ మాటే. ముందువైపు దాని నోటి దగ్గర పెనం పట్టుకునేదాన్ని. ఎంత చక్కగా పీల్చుకునేదనుకున్నావ్! పొగంతా లోపలికి లాగేసేది. పసిపిల్ల పాలు తాగుతున్నట్టుందే, దీనికిది పడింది అనుకున్నాను." కరామత్ కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది. "అదే చంపిందా దాన్ని?"

ముహయ్యోకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందో తెలియలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే కాబోలు.

"నా పని నిలబడకూడదనుకున్నారనుకున్నాను."

"ఆ గూటి ముందు ఒకప్పుడు ఏముండేదో నీకెవరూ చెప్పలేదా? నా మగ్గం. సన్న మగ్గం, జానెడున్నర పట్టీ వచ్చేది. పట్టీలు నేసి, అంచుకి అంచు కలిపి కుట్టేదాన్ని. అతుకెక్కడో ఎవరికీ దొరికేది కాదు. ఊరంతా పొగిడారు. నేనూ పిచ్చిదాన్ని, వచ్చినవాళ్ళందరికీ తలుపు తీసి చూపించాను. ఆ శీతాకాలం ఇల్హోమ్‌కి జబ్బు చేసింది. పిల్లాడు బతకడేమో అన్నారు. దిష్టి కొట్టిందని మా అత్తగారు మగ్గాన్ని ముక్కలు చేయించి తందూర్ పొయ్యిలో పెట్టించింది. నేనే పెట్టాను, నా చేత్తోనే." ముహయ్యో మసి వేలిని తన కొంగుతో తుడిచింది. "నీదైనా దాచుకుందామనుకున్నానే, తల్లీ."

ముహయ్యో మంచె మీదకెక్కి అత్తగారి ఒళ్ళో తల పెట్టేసింది. "పదిమందిలో అన్నాను. నన్ను క్షమించండమ్మా."

"అన్నావు," అంది కరామత్ ఆమె జుట్టు నిమురుతూ. "ఇమడలేదన్నావు చూడు, అదొక్కటే తగిలింది. మిగతావన్నీ మా అత్తగారితో నేను అనలేకపోయినవే." ఇద్దరూ కరువుతీరా ఏడ్చారు.

ఒళ్ళోంచి తల ఎత్తకుండానే ముహయ్యో అడిగింది. "అతుకెక్కడో దొరికేది కాదా నిజంగా?"

"అంచులు సరిగ్గా కలిస్తే ఎలా దొరుకుతుంది?"

ముహయ్యో లేచి కళ్ళు తుడుచుకుంది. ఆ డబ్బాలో పెద్ద కార్డు పట్టదు, పెద్ద ఫ్యాన్ పట్టదు. దాని ఓపిక అంతే. అంత పెద్ద బొమ్మని ఒక్క ఊపిరిలో చెయ్యమని ఇన్నాళ్ళూ తనే దాని పీక మీద కూర్చుంది. పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ తర్వాత కాస్త చల్లారనిచ్చి, చివర్లో అంచులు కలిపితే చాలు కదా!

మర్నాడు పొద్దున్నే కోడలు గుండెల మీద చెయ్యి పెట్టుకుని వంగి సలాం చేసింది. "నూరేళ్ళు వర్ధిల్లు" అని అత్తగారు గట్టిగా, గోడ అవతలికి కూడా వినపడేలా దీవించింది. ఇల్హోమ్ డబ్బాని మంచె మీదకి, కాలవ గాలి తగిలే చోటికి మోశాడు. కరామత్ పాత నేత కుంచెతో రేకుల సందులన్నీ తోమింది. ఇల్హోమ్ బజారునుంచి తెచ్చిన వేడి లాగే తెల్లటి లేపనం రాశాడు. ఏ కంపెనీ యంత్రానికైనా పనికొచ్చే వస్తువు ఊరంతటిలో అదొక్కటే దొరికిందని అతని సంతోషం. పక్క మూత బిగించకుండా వదిలేశారు.

పట్టీ తర్వాత పట్టీ తేలుతోంది. కరామత్ విసనకర్ర పట్టుకుని యంత్రం పక్కనే కూర్చుంది, వద్దన్నా వినదు. "దానికి జ్వరమే, నాకు తెలుసులే," అంటుంది. ఒక్కసారి కూడా అది ఆరిపోలేదు.

ఎండ పడమటికి తిరిగే వేళ వీధి తలుపు కిర్రుమంది. మొన్న ఈ ఇంటినుంచి కూరతో తీసుకెళ్ళిన గిన్నెని ఖాళీగా ఇవ్వకూడదు గనక, దాని నిండా అంజూర పళ్ళు పెట్టుకుని సోబిరా వచ్చింది. నిన్నటి గొడవ తన నోటివల్లే అని ఆవిడకీ తెలుసు. గుమ్మంలోనే నిలబడి, కళ్ళు నేలకి దించుకుంది.

కరామత్ చెయ్యి అలవాటుగా పక్కనున్న సుజనీ మీదకి పోయింది. ముహయ్యో చూసి, మళ్ళీ పని వైపు తిరిగింది. తెర మీద ఆఖరి పట్టీ వచ్చి అంచుకి అంచు కలుస్తోంది. బొమ్మలో ఎర్ర, పసుపు, నీలం పట్టు తెరల మీద ఎండ పడి హాలంతా వెలుగుతోంది. అతుకెక్కడా కనపడటం లేదు.

కరామత్ వేళ్ళు గుడ్డని గట్టిగా పట్టుకుని, కాసేపటికి వదిలాయి. ఆమె సుజనీని నాలుగు మడతలు పెట్టి తన కిందే వేసుకుని కూర్చుంది.

"అక్కడే నిలబడ్డావేంటి సోబిరా?" అంది. "దూరం నుంచి ఏం కనిపిస్తుంది? దగ్గరికొచ్చి కళ్ళారా చూడు. మా కోడలు చేసింది."

సోబిరా వచ్చి చాలాసేపు చూసింది. పొగడబోయి నోరు నొక్కుకుంది. కళ్ళు మాత్రం ఊరుకోలేదు, నీళ్ళు తిరిగాయి. "నీ మగ్గం మీద పట్టీలు ఇలాగే ఉండేవి కదా వదినా," అని మాత్రం అంది.

బొమ్మ నఫోసత్ ఆపాకి పంపేసి ముహయ్యో తలెత్తేసరికి, సోబిరా వెళ్ళిపోయింది. కరామత్ మంచె మీద లేదు. వీధి గుమ్మం దగ్గర, యంత్రానికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో నిలబడి, పొగ ఇటు రాకుండా వీపు అడ్డం పెట్టుకుని, పెనంలో ఇసిరిక్ కాలుస్తోంది.