అంతోని కొలతకు కోసిన బండ

మస్తాన్‌రావు అనే ఆ నీచుడు ఆదెయ్య పొలం మింగడానికి సొంత చెల్లెలినే ఎరగా వేశాడు. వాణ్ని మనిషని పిలిస్తే మనుషులకే సిగ్గుచేటు!

సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... గురజాల వీధుల మీద ప్రచండ భానుడు నిప్పులు చెరుగుతున్నాడు. ప్రేతాలకు అర్ధరాత్రి ఎంతటి వేళో, అదీ అంతటి వేళే!

ఎత్తిపోతల జలపాతం చూద్దామని భార్య కొండమ్మతో నరసరావుపేటలో బస్సెక్కిన ఆదెయ్యను, "ఒక పూట మా ఊళ్లో దిగు బావా, తీరిగ్గా తిప్పి చూపిస్తా" అని ఫోన్లో బతిమాలి దించుకున్నాడు ఆమె అన్న మస్తాన్‌రావు. పొద్దున్నుంచీ తిప్పుతూనే ఉన్నాడు. చూడటానికి ఏముంది గనక! మాడిన నూనెలో తేలే బజ్జీలు, ఈగలు ముసిరిన చెరుకురసం బండి, అరుగుల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూపులతో నమిలే సోమరులు...

"ఏంది బావా, ఇదేనా మీ ఊరు? బస్సు కిటికీలోంచి చూసినా సరిపోయేదిగా!" అన్నాడు ఆదెయ్య.

"అసలుది ఇప్పుడు చూస్తావుగా" అని ఇకిలించాడు మస్తాన్‌రావు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందుకు రాగానే కొండమ్మ కొయ్యబారిపోయింది. కనుగుడ్లు తెల్లగా తిరిగాయి... జడ తనంతట తానే విడిపోయింది... ఆమె కంఠంలోంచి మగగొంతు కరాళంగా గర్జించింది!

"రక్తం...! దీని రక్తం...!"

మబ్బు తునకైనా లేని ఆకాశం ఉరిమింది. పట్టపగలు కరెంటు స్తంభం మీద గుడ్లగూబ కూసింది. మస్తాన్‌రావు చంకలోని బట్టలకొట్టు సంచీ తెరిచి చూపాడు. లోపల రక్తచందనం పూసిన కపాలం!

"ఈ ఆఫీసు కిందికొచ్చే నీ పొలం నా పేర రాయి. లేదంటే పొద్దు వాలేలోపు నీ పెళ్లాం శవమే!"

"నీ తోడబుట్టింది గదరా!"

"అందుకేగా, చేతబడికి కావాల్సిన పేరూ నక్షత్రం ఒకర్ని అడక్కుండానే పనైంది."

చెల్లెలి ప్రయాణం సంగతి తెలియగానే, కాగితాలు మూడు రోజుల ముందే రాయించి పెట్టాడు ఆ ద్రోహి! గుమ్మం బయట కొండమ్మ గుర్రుమంటుంటే, జనం వడదెబ్బ అనుకుని కాసిని నీళ్లు చల్లి తమ దారిన తాము పోయారు. ఇరవయ్యేళ్లు క్వారీలో చేతులు కాయలు కాసేలా పనిచేసి కొన్న పొలానికి ఆదెయ్య వేలిముద్ర వేసి వచ్చాడు.

"ఇక దాన్ని వదులు బావా!"

"వదిలితే రేపు ఇద్దరూ కోర్టుకెక్కరూ? ముందు దాన్ని, తర్వాత నిన్ను!"

ఆఫీసు వెనక నాపరాళ్లు కోసే ఆవరణ. భోజనాల వేళ కావడంతో యంత్రాలు ఆగి ఉన్నాయి. ఆదెయ్య మొత్తుకుంటూ వెంటపడుతున్నా వినకుండా కొండమ్మను అక్కడికి ఈడ్చుకుపోయి, మారణ మంత్రం అందుకుంటూ నీడలో ఉన్న ఒక పొడుగాటి బండ మీద పద్మాసనం వేశాడు మస్తాన్‌రావు. అన్నం తింటున్న రాళ్ల మేస్త్రీ జాన్ సాహెబ్ ముద్ద వదిలేసి లేచాడు.

"దాని మీద కూకోబాక నాయనా! అది అంతోని అనే ముసలాయనకి కొలిచి కోసిన సమాధి బండ. డాక్టర్లు పెదవి విరిస్తే కొడుకులు కోయించారు. ముసలోడేమో శుభ్రంగా లేచి తిరగబట్టాడు. మూడేళ్లబట్టి ఆ బండ మనిషి కోసం కాసుక్కూచుంది. మేం మా నీడ కూడా దాని మీద పడనీయం!"

"ఛీ, ముసలి పీనుగా! పిశాచాల చేత నీళ్లు మోయిస్తా నేను. రాయి నన్నేం చేస్తది?"

అంతే...! బండ మంచులా చల్లబడింది! మస్తాన్‌రావు కాళ్లు దానికి అంటుకుపోయాయి. ఏదో అదృశ్య హస్తం అతణ్ని వెల్లకిలా పడదోసింది!

"బావా... లాగు! నీ పొలం నీకిచ్చేస్తా!"

ఆదెయ్య చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అంతోని అయిదడుగుల మనిషి. మస్తాన్‌రావు ఆరడుగులు. బండ తన కొలతకు తగ్గట్టు వాణ్ని కుదించుకుంది... ఒక్కొక్క ఎముకే ఫెళఫెళమని విరుగుతుండగా! సంచీలోని కపాలం వెయ్యి ముక్కలైంది. దిక్కులు పిక్కటిల్లే ఆర్తనాదం ఒక్కటి... ఆపైన భయంకర నిశ్శబ్దం!

కొండమ్మ కళ్లు తెరిచింది. "ఏందయ్యా, నేనీడ పడున్నానేంది?"

ఆదెయ్య ఆమెను గుండెకు హత్తుకుని బావురుమన్నాడు.

పదకొండో రోజు వెళ్లగానే మస్తాన్‌రావు భార్య లక్ష్మి, మొగుడి ఆస్తి తనదేనని కాగితాలు పట్టుకుని పొలంలో దిగింది. ఆదెయ్య చెప్పిన కపాలం సంగతి విని వకీలు నవ్వాడు. రిజిస్ట్రేషన్ రిజిస్ట్రేషనే అన్నాడు. కొండమ్మ దక్కింది. పోయింది మాత్రం సాగర్ కాలవ కింద మాగాణి, రెండెకరాల ముప్ఫై ఏడు సెంట్లు.