మూడో ఫోటో

క్లాసు లీడరు మీద పిడుగుకి ఒళ్లు మండిపోతోంది. పొద్దున్నే అంత పెద్ద కబురు చెబితే, చప్పట్లు కొట్టాల్సింది పోయి, "కోతలు కొయ్యకే! ఫోటో తెచ్చి చూపించు" అంటాడా?

ఆ పిల్ల అసలు పేరు స్కూలు రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ పిడుగే.

కబురేమిటంటే, పిడుగు ఒక గ్రహశకలాన్ని కనిపెట్టింది. అంటే, సూర్యుడి చుట్టూ తిరిగే ఓ పెద్ద రాయి. టీచరు బోర్డు మీద "మన చిన్న శాస్త్రవేత్త" అని రాసేశారు కూడా.

బడి వదలగానే పిడుగు తన అత్త ఆఫీసుకి పరుగెత్తింది. అత్తకి ఆకాశంలో వెతకడమే ఉద్యోగం. ఇన్నేళ్లలో బోలెడు గ్రహశకలాలు, రెండు తోకచుక్కలు పట్టింది. ఆకాశంలో ఒకే చోటుని కాసేపు ఆగి ఆగి నాలుగు ఫోటోలు తీస్తారు. వాటిని కంప్యూటర్లో వరసగా తిప్పితే నక్షత్రాలు కదలవు. కదిలే చుక్క దొరికిందా, పండగే! నిన్న అత్త టీకి వెళ్లినప్పుడు పిడుగుకి దొరికింది అదే.

"అత్తా, నా రాయి ఫోటో ఇవ్వు!"

"నీ రాయా? ఏదీ, చూపించు తల్లీ."

మొదటి ఫోటోలో చుక్క. రెండోదాంట్లో కాస్త జరిగింది.

"చూశావా!"

"చూశా. మూడోది?"

"అది... చూడలేదు. రెండు చాల్లే అనుకున్నా."

మూడోదాంట్లో చుక్క లేదు. నాలుగోదాంట్లోనూ లేదు.

"కెమెరా మచ్చలమ్మా ఇవి. రాయైతే ఎక్కడికి పోతుంది, నాలాగా టీ తాగడానికా?"

పిడుగు మొహం మాడిపోయింది. "క్లాసంతా చెప్పేశానత్తా! రేపు బడి మానేస్తా."

"మానేయ్. మరి ఎల్లుండో? చూడు, నేను పట్టిన తోకచుక్కలు రెండే. తోకచుక్క అని అరిచి, తర్వాత తోక ముడిచిన రోజులకి లెక్కే లేదు."

పిడుగుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు టీచరుని అడిగి బోర్డు దగ్గరికి వెళ్లింది. తన గురించి రాసింది తనే తుడిచేసింది.

"అది రాయి కాదు, మచ్చ. మూడో ఫోటో చూడకుండానే చెప్పేశాను."

క్లాసంతా ఘొల్లుమంది. పిడుగు చెవులు ఎర్రబడ్డాయి. అయినా నాలుగు గళ్లు గీసి, నిండా చుక్కలు పెట్టింది.

"ఇవి నాలుగు ఫోటోలనుకోండి. ఈ చుక్కల్లో ఒక్కటే నిజంగా కదులుతోంది. పట్టుకోండి చూద్దాం!"

"ఇదిగో, ఇదే!" లీడరు బెంచీ మీంచి ఎగిరొచ్చాడు.

"నాలుగు గళ్లూ చూశావా?"

"...రెండు చూశా."

పిడుగు నవ్వు ఆపుకుని, సుద్దముక్క వాడి చేతిలో పెట్టింది.

"తొందరేం లేదులే. రా, మిగతా రెండూ కలిసి చూద్దాం."