ఓకే పడని పేజీ

"పర్మిషన్ లేదనే ఎర్రర్‌ని పేజీలో మళ్ళీ పైకి తెద్దామండీ," అన్నాడతను.

ఆమె చేతిలోని కాగితాల వైపు చూసింది. నిన్న దాన్ని కిందికి తొయ్యమన్నది ఈ మనిషే. మొన్న పైన పెట్టమన్నదీ ఈ మనిషే. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

"అలాగేనండీ," అని వెనక్కి తిరిగింది.

ప్రోగ్రామర్లు చేసినదాన్ని వాడేవాళ్ళకి అర్థమయ్యేలా రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ప్రోగ్రామరైన అతను చేసింది ఒక సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రాములు కంప్యూటర్ చేత ఒక పని చేయించుకునే పిలుపు. కంప్యూటర్‌కి గుండెకాయలాంటి కెర్నల్ నడుస్తుండగానే, దాని స్థానంలోకి రావలసిన కొత్త కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కిస్తుంది. అది ఏం చెయ్యగలదో రాయడం ఒక్కపూటలో అయిపోయింది. ఏం చెయ్యలేదో, ఎక్కడ ఏ ఎర్రర్ ఇస్తుందో చెప్పే పేజీ మాత్రం నెల దాటినా తెమలడం లేదు. చేసినవాడు చదివి ఓకే అంటే తప్ప పేజీ బయటికి పోదు. అది ఆఫీసు పద్ధతి.

మొదట్లో ఆమెకి ఈ పని సరదాగానే ఉండేది. మిగతా ప్రోగ్రామర్లని లోపాలేమిటని అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఇతను కుర్చీ లాగి కూర్చోబెట్టి పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఒకరు ఎక్కిస్తుండగా ఇంకొకరు ఎక్కించబోతే, బిజీ అని తిప్పి పంపేస్తుందండీ. ఇంకోటి, ఎక్కింది అని చెప్పినంత మాత్రాన కొత్త కెర్నల్ లేచి నడుస్తుందని కాదు. మారేదాకా దానికీ తెలీదు, నాకూ తెలీదు. ఇది తప్పకుండా రాయండి. నమ్మినవాళ్ళు మోసపోకూడదు."

ఆ మాటకే ఆమె మనసు అతని మీదికి పోయింది. తర్వాత మొదలైన నస చూసి వెనక్కి తెచ్చుకుందామనుకుంది గాని, రాలేదు.

ఆ మధ్యాహ్నం మేనేజరమ్మ పిలిచింది.

"ఒక్క పేజీకి ఇన్నాళ్ళా? సోమవారం నుంచి నువ్వు ప్రింటర్ల సెక్షన్‌కి వెళ్ళమ్మా."

పని చేతకానివాళ్ళని తోసేసే చోటు అదేనని ఆఫీసంతటికీ తెలుసు. ఆమె మెట్ల మీద కూలబడి అక్కకి ఫోన్ చేసింది.

"నా పని అతనికి నచ్చలేదక్కా. మొహమాటానికి చెప్పలేకపోతున్నాడు."

"నచ్చకపోతే ఒకసారి చెప్తారే. రోజూ పిలిచి మరీ చెప్తారా?" అక్క నవ్వింది. "వెళ్ళి మొహం మీదే అడిగెయ్. మీ బావ కూడా అలా అడిగితేనే నోరు విప్పారు."

ఆమె వెళ్ళి అడిగేసింది.

అతను కీబోర్డు మీంచి తలెత్తాడు. నిద్రలేని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మొదటిసారి రాసిందే బాగుందండీ."

"మరి ఎందుకు తిప్పుతున్నారు?"

"ఓకే అనేస్తే మీరిక ఇటు రారు కదా."

అక్క అయితే నవ్వేదేమో. ఆమెకి నవ్వు రాలేదు, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"మీకు సరదా. నాకు చేతకానిదాన్నన్న పేరు. సోమవారం నుంచి ప్రింటర్ల సెక్షన్."

అతను లేచి తిన్నగా మేనేజరమ్మ గదిలోకి వెళ్ళాడు. తలుపు వెయ్యడం మర్చిపోయాడు.

"ఆలస్యం ఆవిడది కాదు, నాదండీ. పేజీ ఎప్పుడో అయిపోయింది. నేనే ఆపాను."

"ఎందుకు ఆపావయ్యా?"

"ఆవిణ్ణి చూడ్డానికండీ," అన్నాడు.

అంతస్తులో టైపింగ్ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆమె కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పేజీ సాయంత్రానికే బయటికి పోయింది. బదిలీ ఆగింది. అతనికి గట్టిగానే చీవాట్లు పడ్డాయి.

తర్వాత అతను ఆమెని పిలవలేదు. వరండాలో ఎదురుపడితే గోడకి ఒదిగి దారి ఇచ్చేవాడు. తప్పు తెలుసుకున్న మనిషి అంతకన్న ఏం చేస్తాడు. రోజూ నస పెట్టినప్పటి అలసట కన్నా ఈ నిశ్శబ్దం ఆమెని ఎక్కువ అలిసిపోయేలా చేసింది. కోపం తగ్గిందని తెలిశాక కూడా, అతనే రావాలని కొన్నాళ్ళు బెట్టు చేసింది. అతను వచ్చే రకం కాదు.

ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం, ఉత్త చేతులతో అతని టేబుల్ దగ్గరికి వెళ్ళింది.

అతను కంగారుగా లేచాడు. "ఏదైనా పేజీ ఉందాండీ?"

"లేదు."

"మరి?"

"ఊరికే వచ్చాను," అంటూ ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.