పచ్చ చీర ఆలస్యం

"ముహూర్తంలోపు మనం ఆపలేకపోతే పెళ్ళికూతురి కళ్ళముందే తల్లిని చంపేస్తారు," అన్నాడు చీఫ్ శివరుద్రప్ప, బై టూ కాఫీలో తన సగం తాగేస్తూ.

బెంగళూరు జయనగర్‌లోని ఆ దర్శిని హోటల్లో వాళ్ళను పట్టించుకున్నవారెవరూ లేరు. ఏజెంట్ ముత్తణ్ణ తన సగం కాఫీ పక్కన పెట్టేశాడు. ఆ తల్లి డాక్టర్ అంబుజాక్షి, క్షిపణి ఇంధనాల సైంటిస్ట్. ఈ రోజే మల్లేశ్వరంలో ఆవిడ కూతురి పెళ్ళి.

"ఆవిడని తప్పించెయ్యొచ్చుగా సార్?"

"కన్యాదానం చేసే తల్లిని పీటల మీంచి లేపుతావేంటయ్యా? ఇవాళ లేపితే ఇంకో రోజు వస్తారు. హంతకులు ఇద్దరూ అతిథుల్లోనే ఉన్నారు. ముఖాలు మనకి తెలీవు. వాళ్ళకి ఫోన్ రాదు, మెసేజ్ రాదు. మీ కంపెనీ నడిపే చీరల వెబ్‌సైట్ చూస్తూ కూర్చుంటారు. పన్నెండింటికి కొత్త పేజీ. ఎరుపు, పచ్చ, పసుపు ఆ వరసలో వస్తే కాల్చెయ్యాలి. వరస తప్పితే గుట్టు బయటపడింది, పారిపోవాలి."

ముత్తణ్ణ నెల రోజులుగా ఆ కంపెనీలో డిజైనర్ వేషంలో ఉన్నాడు. మాసిన గడ్డం, మెడలో ఐడీ కార్డు. కంపెనీ యజమాని జయతీర్థ విదేశీ ముఠా మనిషి. కోడ్‌లో ప్రతి లైనూ తనే చదివి, తనే పేజీని బయటికి వదులుతాడు. చీరలు ఒకదాని తర్వాత ఒకటి తేలివచ్చేలా యానిమేషన్ రాసింది సౌగంధి. ఆమె నడిచి వెళ్తే ఆఫీసంతా పని మానేసి చూస్తుంది. ముత్తణ్ణకు మాత్రం అందరికంటే ఆమె అంటేనే భయం, జయతీర్థ మనిషేమోనని.

ఆఫీసుకు రాగానే కోడ్ తెరిచాడు. ఒక్క అక్షరం మార్చినా జయతీర్థ పట్టేస్తాడు. పట్టుబడితే ఇద్దరి ప్రాణాలూ పోతాయి, తనదీ అంబుజాక్షిదీ. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. చీరలకు టైమర్లు పెట్టారు. ముందు చీర బొమ్మ వచ్చిందో లేదో చూసే లైను లేదు. జనం ఎక్కారో లేదో చూడకుండా వాచీ చూసి విజిల్ ఊదే కండక్టర్‌లా ఉంది ఆ పేజీ.

ఆఫీసు నెట్ గుర్రంలా పరుగెత్తుతుంది. అందరూ ఇక్కడే పరీక్షించి, పని అయిపోయిందనుకుంటారు. కానీ కల్యాణ మంటపంలో వందలమంది ఒకేసారి ఫోటోలు పంపుకుంటుంటే నెట్ పాకుతుంది. అక్కడ పచ్చ చీర బొమ్మ బండరాయంత బరువుంటే?

ఫోటోగ్రాఫర్ ఇచ్చిన అసలు ఫోటోని, కుదించకుండా, పాత పచ్చ చీర బొమ్మ స్థానంలో అదే పేరుతో పెట్టాడు. వెనక నుంచి మల్లెల సెంటు వాసన వచ్చింది.

"ఏం చేస్తున్నావ్ గురూ?" సౌగంధి.

"రంగు... సరిచేస్తున్నా."

ఆమె స్క్రీన్ వైపు చూసింది, అతని వైపు చూసింది. నేరుగా జయతీర్థ గదిలోకి వెళ్ళింది. అయిపోయింది అనుకున్నాడు ముత్తణ్ణ.

జయతీర్థ బయటికి వచ్చాడు. కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది.

"పచ్చది ఇంత బరువేంట్రా?"



"నేనే పెట్టమన్నాను సార్," అంది సౌగంధి. "కుదిస్తే జరీ ప్లాస్టిక్‌లా కనిపిస్తోంది. అసలే ఆ చీరల కొట్టాయన మహా చాదస్తం."

జయతీర్థ వాచీ చూసుకుని, పన్నెండు కాగానే మీట నొక్కాడు. ఆఫీసు స్క్రీన్ మీద ఎరుపు, పచ్చ, పసుపు తూచినట్టు వరసగా వచ్చాయి. అతను నవ్వాడు. ముత్తణ్ణ బాత్రూంలోకి పరుగెత్తి కుళాయి తిప్పాడు. మల్లేశ్వరంలో ఏ వరస కనిపించిందో, అంబుజాక్షి బతికి ఉందో లేదో తెలియదు. అంత భయం అతను జీవితంలో ఎరగడు.

ఫోన్ మోగింది.

"ఇద్దరూ దొరికారు," అన్నాడు చీఫ్. "పచ్చ అన్నిటికంటే చివర వచ్చిందట."

"ఎలా గుర్తుపట్టారు సార్?"

"భోజనాలకి ఆకులు వేస్తుంటే లేచి గేటు వైపు పోయారు. భోజనం చెయ్యకుండా మన పెళ్ళిలోంచి ఎవడు పోతాడయ్యా? పెళ్ళికొడుకు మేనమామే అడ్డం పడి ఆపాడు, తిని వెళ్ళమని బతిమాలడానికి. అంబుజాక్షిగారు అక్షింతలు వేస్తున్నారు."

తలుపు తీసేసరికి జయతీర్థ గోడవైపు తిరిగి చేతులెత్తి ఉన్నాడు. అతని వీపుకు సౌగంధి పిస్టల్ ఆనించి ఉంది.

"నేనూ చీఫ్ మనిషినే. టైమర్లు ఊరికే పెట్టాననుకున్నావా?" అంది. "బొమ్మలు పెట్టేది నువ్వు, ఎప్పటికి చూస్తావోనని నెల రోజులుగా హడలి చస్తున్నా."

అంతలో జయతీర్థ బల్ల మీద ఫోన్ మోగింది. ముత్తణ్ణ తీశాడు. చీరల కొట్టాయన.

"పచ్చ చీర ఆలస్యంగా వస్తోందని మా ఆవిడ గోల చేస్తోంది. ఆ పేజీ చేసిన దరిద్రుడెవడు?"

ముత్తణ్ణ పిస్టల్ పట్టుకున్న మనిషి వైపు చూసి, అబద్ధమాడటమే మేలనుకున్నాడు.