మొలకలు ఎటు చూస్తున్నాయి?

“ఆర్పండి! ముందు ఆ ఫోన్ ఆర్పండి!”

చీకట్లోంచి గొంతు వినిపించింది. ఆ వెనకే ఓ పచ్చటి ముఖం తేలింది. పచ్చటి ముక్కు, పచ్చటి పళ్ళు. కలీనా కెవ్వుమని అరిచి ఫోన్ జారవిడిచింది.

పోజ్నాన్ నగరంలోని ఆ మొక్కల ల్యాబ్‌లో ఆమెకు అదే మొదటి రోజు. దయ్యంలా కనిపించినతని పేరు తిమోన్. నుదుటికి ఆకుపచ్చ లైటు కట్టుకొని బుద్ధిగా పరిశోధన చేసుకుంటున్న మామూలు మనిషే.

“చీకటి గది అని తలుపు మీద అంతేసి అక్షరాలతో రాసి ఉంది. చదవలేదా?”

“చదివాను. అందుకేగా లైటు వేసుకొచ్చాను!”

తిమోన్ నెత్తి పట్టుకున్నాడు. “ఈ మొలకలు పచ్చ వెలుతుర్ని ఒక్కదాన్నే పెద్దగా పట్టించుకోవు. మీ పుణ్యమా అని నా ఐదు రోజుల పని మట్టికొట్టుకుపోయింది.”

మర్నాడు చూస్తే ట్రేలలోని మొలకలన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. సరిగ్గా ఆమె నిలబడిన చోటుకేసి. కలీనా ఒక అడుగు వెనక్కి వేసింది.

“భయపడకండి. వెలుతురు వచ్చిన వైపు వంగడం వాటి నైజం,” అన్నాడు తిమోన్, కాస్త మెత్తబడి.

పని నేర్పుతూ అతనే వివరించాడు. “ఆకు పచ్చబడడానికి కావలసిన జన్యువులన్నీ మొలకలో ముందే ఉంటాయి. కాకపోతే గట్టిగా ముడి వేసిన మూటలో ఉంటాయి. వెలుతురు తగిలాక కొన్ని ప్రోటీన్లు ఆ ముడి విప్పుతాయి. అప్పుడే వంగిన మెడ లేస్తుంది, ఆకులు తెరుచుకుంటాయి. రేకు చుట్టిన ఆ పై ట్రే చూశారా? అందులోని నలభై మొలకలకూ ఆ ముడి విప్పే ప్రోటీనే లేదు. ఎంత వెలుతురు పెట్టినా పాలిపోయే ఉంటాయి.”

“పాపం, మీకూ లేనట్టుంది ఆ ప్రోటీన్. నెలకో నవ్వు కూడా బయటికి రాదు!”

చీకట్లో అతను నవ్వాడో లేదో తెలియలేదు. సెయింట్ మార్టిన్ పండగ నాడు మాత్రం గసగసాలు కూరిన రొట్టె తెచ్చి, సగం ఆమె చేతిలో పెట్టాడు. ఎవరి సగం పెద్దదో ఆ చీకట్లో తేలలేదు. కలీనా మనసు ఆ రోజే జారిపోయింది.

కానీ భయం మాత్రం పోలేదు. కొత్త ట్రేలు పెట్టారు. ఆమెకు తెలిసి ఎవరూ లైటు తేలేదు. అయినా రోజూ పొద్దున్నే మొలకలన్నీ మూలనున్న ఆమె కుంటి స్టూల్ వైపే వంగి ఉండేవి. గది ఊడ్చే ముసలామె గుమ్మంలోనే శిలువ గుర్తు వేసుకొని, “వాటికి నువ్వు తెలుసు తల్లీ,” అంది.

నవంబరు చివర, సెయింట్ ఆండ్రూ పండగకి అమ్మాయిలు ల్యాబ్‌లోని మైనం కరిగించి, తాళంచెవి కన్నంలోంచి చన్నీళ్ళలో పోశారు. గడ్డకట్టిన మైనం నీడను బట్టి కాబోయేవాడెవరో చెప్పుకోవడం అక్కడి సరదా. కలీనా మైనం నీడ గోడ మీద మెడ వంచిన మొలకలా పడింది.

“ఎవడో తలొంచుకొని నీకోసం కూర్చున్నాడే!” అంది స్నేహితురాలు బోగ్నా.

అందరూ నవ్వారు. కలీనా మాత్రం నేరుగా చీకటి గదికి వెళ్ళింది.

“రేపట్నుంచి కింది అంతస్తు ల్యాబ్‌కి మారిపోతున్నా. అర్జీ రాసేశాను,” అంది. “ఇవి నన్నే చూస్తున్నాయి తిమోన్. నాకు భయంగా ఉంది.”

ఉండమని అతను ఒక్క మాట అంటే చాలు, ఆమె ఉండిపోతుంది.

“దయ్యమేం లేదు. అది నేనే,” అన్నాడు తిమోన్. “రోజూ మీకంటే అరగంట ముందొచ్చి మీ స్టూల్ మీద కూర్చుంటాను. మీ మెసేజ్‌లు చదువుకోవడానికి. స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించేవాణ్ణి. అయినా ఇవి కనిపెట్టేశాయి.”

“ఏ మెసేజ్‌లు?”

“నాలుగో ట్రేకి నీళ్ళు పెట్టాను, మీ ముఖంలాగే పాలిపోయింది అని రాశారుగా... అలాంటివి.”

“అది చదవడానికి అరగంటా?”

“మళ్ళీ మళ్ళీ చదివితే పడుతుంది.”

కలీనాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. “మరి నోటితో చెప్పొచ్చుగా?”

అతను నోరు తెరిచాడు. అప్పుడే పై అరలో రేకు చిటపటలాడింది.

తిమోన్ ఆ ట్రే దింపాడు. “సోమవారం నుంచి దీన్నెవరూ ముట్టుకోలేదు. నా ఫోన్ వెలుతురు ఇందులోకి పోదు,” అంటూ రేకు విప్పాడు.

నలభై మెడలూ నిటారుగా లేచి ఉన్నాయి. జంట ఆకులు తెరుచుకొని స్టూల్‌కేసి చూస్తున్నాయి. రంగేమిటో తేలలేదు. పచ్చ లైటు కింద అంతా పచ్చగానే ఉంటుంది మరి.

తిమోన్ గోడ తడిమి పెద్ద లైటు వేశాడు. ఆ గదిలో ఆ పని చెయ్యకూడదని అందరినీ తిట్టిన మనిషే వేశాడు.

మొలకలు నిగనిగలాడుతూ పచ్చగా ఉన్నాయి.

“వీటిలో ఆ ప్రోటీనే లేదు,” అన్నాడు ఓ ఆకు తడిమి చూసి. “ముడి ఎవరు విప్పారు?”

చూస్తుండగానే నలభై తలలూ మెల్లగా స్టూల్ నుంచి వాళ్ళిద్దరి వైపు తిరిగాయి. కలీనా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అవి కూడా వినాలని కాచుకున్నాయి,” అంది గుసగుసగా. “తొందరగా చెప్పెయ్ తిమోన్.”

“ఉండిపో కలీనా. నువ్వంటే నాకు ప్రాణం.”

ఆమె జేబులోంచి అర్జీ తీసి, నాలుగు మడతలు పెట్టి, కుంటి స్టూల్ పొట్టి కాలి కింద దోపింది. ఆమె వంగినప్పుడు మొలకలూ ఆమెతోపాటే వంగాయి.